గంటలు రాశారు, రూపాయలు రాయలేదు: తత్వశాస్త్ర పరిశోధకుల పోషణ లెక్క

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నవంబరు 7న ప్రకటించిన పీహెచ్‌డీ నిబంధనల్లో పెద్దగా ఎవరూ పట్టించుకోని ఒక వాక్యం ఉంది. పరిశోధక విద్యార్థులకు వారానికి 4 నుంచి 6 గంటల టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ పని అప్పగించవచ్చని, ట్యుటోరియళ్లు నడపడం, ప్రయోగశాల పని చూడటం, జవాబులు దిద్దడం అందులోకి వస్తాయని ఆ వాక్యం చెబుతుంది. ఎన్ని గంటలో చెప్పింది. ఆ గంటలకు ఎంత ఇవ్వాలో చెప్పలేదు. తత్వశాస్త్రంలో పీహెచ్‌డీ చేయాలనుకునే పిల్లల ఆర్థిక కష్టాల్లో సగం ఆ చెప్పని మాటలోనే ఉన్నాయి.

చెన్నైలో ఎంఏ చదువుతున్న తెలుగు విద్యార్థి ఇంటికి ఫోను చేసి తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తానంటే అవతలి నుంచి వచ్చే ప్రశ్నలు సాధారణంగా మూడు. ఎన్నేళ్లు పడుతుంది? నెలకు ఎంత ఇస్తారు? అది పూర్తయ్యాక ఏం చేస్తావు? మొదటిదానికి నిబంధనల్లోనే జవాబుంది: కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, అవసరమైతే ఇంకో రెండేళ్ల పొడిగింపు. మూడోదానికి కచ్చితమైన జవాబు ఎవరి దగ్గరా ఉండదు. రెండోది అడగడం చదువుల తల్లిని అవమానించడమని కొందరు పెద్దలు అనుకుంటారు. అన్నిటికన్నా ముందు అడగవలసింది అదే. నెల్లూరు నుంచో తిరుపతి నుంచో వచ్చి, అద్దె గదిలో ఉంటూ, ఇంటికి డబ్బు పంపవలసిన వయసులో ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోవడం ఎంత బరువో ఆ స్థితిలో ఉన్నవాళ్లకు తెలుసు.

డబ్బుకూ తత్వశాస్త్రానికీ ఉన్న ముడి చెన్నైకి కొత్త కాదు. తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ మద్రాస్ క్రిస్టియన్ కళాశాలలో తత్వశాస్త్రం తీసుకోవడానికి వెనక ఉన్న కారణం ప్రసిద్ధమే. అదే కళాశాలలో చదువు ముగించిన బంధువు ఒకరు తన పాఠ్యపుస్తకాలు ఆయనకు ఇచ్చేశారు. అవి తత్వశాస్త్రం పుస్తకాలు. కొత్తవి కొనుక్కునే స్తోమత లేని కుర్రవాడికి సబ్జెక్టు అక్కడితో ఖాయమైపోయింది. కళాశాల అప్పుడు జార్జిటౌన్‌లో ఉండేది, తాంబరానికి తరలింది 1937లో. ఆయన చదువు ఉపకారవేతనాల మీదే సాగింది. 1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. చేపాక్‌లోని మద్రాసు విశ్వవిద్యాలయంలో టి.ఎం.పి. మహదేవన్ ఆధ్వర్యంలో 1964లో ఏర్పడిన తత్వశాస్త్ర ఉన్నత అధ్యయన కేంద్రం తర్వాతి కాలంలో ఆయన పేరునే పెట్టుకుంది. బంధువు ఇచ్చిన పాత పుస్తకాల దగ్గర మొదలైన దారి అది. పుస్తకాలు చేతికి రాని పిల్లలు ఇంకెంతమందో, వాళ్ల పేర్లు ఏ సంస్థకూ లేవు.

ఇప్పుడు మన దేశంలో పరిశోధక విద్యార్థికి డబ్బు వచ్చే ప్రధాన మార్గం ఒక పరీక్ష. అదే యూజీసీ నెట్, అంటే జాతీయ అర్హత పరీక్ష. అందులో తత్వశాస్త్రం 03వ సంఖ్య సబ్జెక్టు. మూడు గంటల్లో 150 ప్రశ్నలు, 300 మార్కులు. అందులో 50 ప్రశ్నలు అందరికీ ఉమ్మడి, 100 ప్రశ్నలు సబ్జెక్టువి. పై వరుసలో నిలిచిన కొద్దిమందికి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, అంటే జేఆర్‌ఎఫ్ దక్కుతుంది. 2023 జనవరి 1 నుంచి అమలైన రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాతి మూడేళ్లు సీనియర్ ఫెలోగా 42,000. హాస్టల్ గది లేనివారికి నగరాన్ని బట్టి ఇంటి అద్దె భత్యం కలుస్తుంది. చెన్నై, బెంగళూరు రెండూ పై వర్గం నగరాలే కాబట్టి ఆ భత్యం ఎక్కువగానే ఉంటుంది. పుస్తకాలకు, ప్రయాణాలకు వేరే నిధి కొద్దిగా ఉంటుంది. ఈ ఫెలోషిప్ దొరికిన పరిశోధకుడు చెన్నైలో మర్యాదగా బతకగలడు, ఇంటికి ఎంతో కొంత పంపగలడు. ఆ మాట చెప్పుకోవడం న్యాయం.

చిక్కు ఎక్కడంటే, ఆ డబ్బు పరిశోధనకు కట్టిన డబ్బు కాదు, పరీక్షకు కట్టిన డబ్బు. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించడం, దార్శనికుల పేర్లను సిద్ధాంతాలతో జతపరచడం, గ్రంథాలను కాలక్రమంలో పెట్టడం ఆ పరీక్షలో పనికొచ్చే నేర్పులు. ఒక వాదాన్ని విడదీసి, అందులో బీట ఎక్కడుందో చూపించి, దానికి ప్రత్యామ్నాయం పది పేజీల్లో రాయగలగడం తత్వశాస్త్రంలో అసలు పని. అది పరీక్షలో ఎక్కడా అడగరు. పైగా భాషా సబ్జెక్టులు మినహా ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. హిందీ ప్రాంతపు విద్యార్థికి తన భాషలో ప్రశ్న చదువుకునే వీలుంది. తెలుగు మాధ్యమంలో డిగ్రీ చేసి వచ్చిన పిల్లకు లేదు. సంవత్సరానికి రెండుసార్లు జరిగే ఈ పరీక్ష మీద ఐదేళ్ల అన్నం ఆధారపడి ఉంటుంది. 2024 జూన్ 18న జరిగిన పరీక్షను మరునాడే రద్దు చేసినప్పుడు ఆ ఆధారం ఎంత సన్నటి దారమో దేశమంతా చూసింది. జేఆర్‌ఎఫ్‌కు 30 ఏళ్ల వయోపరిమితి ఉంది. మహిళలకు, వెనుకబడిన వర్గాలకు, ఎస్సీ ఎస్టీలకు సడలింపు ఇస్తారు.

జేఆర్‌ఎఫ్ రాకపోతే? విద్యార్థి కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఉంటే నెట్‌తో సంబంధం లేని ఫెలోషిప్ కింద నెలకు 8,000 రూపాయలు వస్తాయి. 2015 అక్టోబరులో దాన్ని కూడా ఆపేయాలని యూజీసీ నిర్ణయిస్తే విద్యార్థులు దిల్లీలో సంఘం కార్యాలయం ముందు రోజుల తరబడి కూర్చుని నిలబెట్టుకున్నారు. నిలిచింది గానీ పెరగలేదు. జేఆర్‌ఎఫ్ మొత్తం ఈ మధ్య కాలంలో పలుమార్లు పెరిగింది, ఆ 8,000 మాత్రం ఉన్నచోటే ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయం వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఆ 8,000 కూడా వర్తించదు. అక్కడ సొంత నిధుల నుంచి ఇచ్చే ఫెలోషిప్‌లు కొద్దిమందికే అందుతాయి. ఒకే శాఖలో, ఒకే గైడు దగ్గర, ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని రాసుకునే ఇద్దరిలో ఒకరికి నెలకు 37,000 రావడం, ఇంకొకరికి ఏమీ రాకపోవడం ఇక్కడ మామూలు సంగతి. ఆ ఇద్దరి థీసిస్‌లను పక్కపక్కన పెట్టి చదివితే ఏది ఎవరిదో ఈ తేడాను బట్టి చెప్పడం కుదరదు.

తత్వశాస్త్రానికి మాత్రమే ఉద్దేశించిన సంస్థ ఒకటుంది. 1977లో కేంద్ర ప్రభుత్వం స్థాపించిన భారత తత్వశాస్త్ర పరిశోధన మండలి, దిల్లీలో కార్యాలయం, లక్నోలో విద్యాకేంద్రం. అది కూడా జూనియర్ ఫెలోషిప్‌లు ఇస్తుంది. నెట్ పరీక్షలో వెనకబడినా మంచి పరిశోధన ప్రతిపాదన రాయగలవారికి అది మెరుగైన దారి. సామాజిక తత్వశాస్త్రం వైపు పనిచేసేవారు భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి వైపు కూడా చూడవచ్చు. అది ఇచ్చే డాక్టోరల్ ఫెలోషిప్ నెలకు 20,000 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులకు వేర్వేరు జాతీయ ఫెలోషిప్‌లున్నాయి, ఏకైక సంతానం ఆడపిల్ల అయిన కుటుంబాలకు సావిత్రిబాయి ఫులే పేరుతో ఒకటుంది. మైనారిటీ విద్యార్థులకు ఇచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను మాత్రం 2022–23 నుంచి ఆపేశారు.

ఫెలోషిప్ మంజూరు కావడం వేరు, డబ్బు చేతికి రావడం వేరు. యూజీసీ ఫెలోషిప్‌లు బ్యాంకు పోర్టల్ ద్వారా నేరుగా విద్యార్థి ఖాతాలో పడతాయి. దానికి ముందు ప్రతి నెలా విశ్వవిద్యాలయ కార్యాలయంలో ఒక ఉద్యోగి ఆ విద్యార్థి ఈ నెల ఇక్కడే ఉన్నాడని నమోదు చేయాలి, ఇంకో అధికారి దాన్ని సరిచూసి ఆమోదించాలి. మొదటివారిని మేకర్ అని, రెండోవారిని చెకర్ అని అంటారు. పరిశోధక విద్యార్థుల మాటల్లో కాంట్, శంకరుడు ఎంత తరచుగా వినబడతారో ఈ రెండు పదాలూ అంతే తరచుగా వినబడతాయి. వాళ్లలో ఒకరు సెలవు పెడితే ఆ నెల తప్పిపోతుంది. తప్పిపోయిన నెల తర్వాత బకాయిగా వస్తుంది, ఎప్పుడు వస్తుందో చెప్పేవారుండరు. ఇంటి యజమాని మాత్రం ఐదో తేదీ దాటితే తలుపు తడతాడు. జేఆర్‌ఎఫ్ వచ్చిన వెంటనే మొదటి మూడు నెలల డబ్బు ఖర్చుపెట్టకుండా దాచుకోమని సీనియర్లు జూనియర్లకు చెప్పే సలహా ఈ అనుభవం నుంచి పుట్టిందే. ఆ సలహా పాటించగలిగే స్థితి ఎందరికుంటుందన్నది వేరే మాట. ఐదేళ్ల ఫెలోషిప్ ముగిశాక, ఆరేళ్ల గడువులో చివరి ఏడాది, థీసిస్ అధ్యాయాలన్నీ కుప్పగా మీద పడే ఏడాది, ఏ డబ్బూ ఉండదు.

చెన్నైలోనే దీనికి కొంత భిన్నమైన పద్ధతి ఐఐటీ మద్రాసులో కనిపిస్తుంది. అక్కడ హ్యుమానిటీస్ శాఖలో తత్వశాస్త్రం మీద పీహెచ్‌డీ చేసేవారికి హాఫ్ టైమ్ రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ ఇస్తారు. క్యాంపస్‌లో అందరూ దాన్ని హెచ్‌టీఆర్‌ఏ అనే పిలుస్తారు. మొత్తం జేఆర్‌ఎఫ్ స్థాయిలోనే ఉంటుంది, దానికి ప్రతిగా వారానికి 8 గంటల పని ఉంటుంది. ఇంజనీరింగ్ విద్యార్థులు తప్పనిసరిగా తీసుకోవలసిన హ్యుమానిటీస్ కోర్సుల్లో ప్రొఫెసర్‌కు సాయపడటం, క్విజ్‌లు దిద్దడం, సందేహాలకు కూర్చోవడం ఆ పనిలో ఉంటాయి. మెకానికల్ రెండో ఏడాది కుర్రవాడు నీతిశాస్త్రం కోర్సులో రాసిన వ్యాసం చదివి వ్యాఖ్య రాయడం తత్వశాస్త్ర పరిశోధకురాలికి శిక్షణే. గంటకూ రూపాయికీ ఇక్కడ ముడి పడింది. ఆ ముడి పడినచోట పని చేసేవారికి గౌరవం కూడా పెరుగుతుంది. ‘సార్ దగ్గర సాయం చేస్తున్నాను’ అనే మాట ‘నా పని’ అనే మాటగా మారుతుంది.

తత్వశాస్త్రానికి ఈ ముడి ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే పక్కనున్న శాస్త్ర శాఖలను చూడాలి. రసాయనశాస్త్రంలో, జీవశాస్త్రంలో ప్రొఫెసర్‌కు ప్రాజెక్టు వస్తుంది, ఆ ప్రాజెక్టులో పరిశోధక సహాయకుల జీతానికి పద్దు ఉంటుంది. తత్వశాస్త్రంలో ప్రయోగశాల లేదు, యంత్రాలు లేవు, కాబట్టి ప్రాజెక్టులూ తక్కువే. ప్రొఫెసర్ ఒకరు ఒక గదిలో కూర్చుని పుస్తకం రాస్తే దానికి సహాయకుడి జీతం ఇచ్చే సంస్థలు అరుదు. బెంగళూరులో 1988లో జె.ఆర్.డి. టాటా చొరవతో, రాజా రామన్న మొదటి డైరెక్టర్‌గా, భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలో మొదలైన జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ వంటి చోట్ల చైతన్యం మీద, విజ్ఞానశాస్త్ర తాత్వికత మీద పనిచేసేవారికి శాస్త్రవేత్తల పక్కన చోటు దొరుకుతుంది. అలాంటి చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగిలిన చోట్ల తత్వశాస్త్ర శాఖ దగ్గర అమ్ముడుపోయే సరుకు ఒక్కటే, పాఠం. డిగ్రీ పిల్లలకు తర్కం, నీతిశాస్త్రం చెప్పడం ద్వారానే ఆ శాఖ తన పరిశోధక విద్యార్థులను పోషించుకోగలదు. డిగ్రీలో తత్వశాస్త్రం చదివేవారు తగ్గితే పీహెచ్‌డీ పోషణ కూడా తగ్గుతుంది. రెండూ ఒకే కుండలోని నీళ్లు.

అమెరికా విశ్వవిద్యాలయాల్లో తత్వశాస్త్ర పీహెచ్‌డీ వ్యవస్థ మొత్తం ఈ సూత్రం మీదే నిలబడింది. పెద్ద తరగతిలో ప్రొఫెసర్ వారానికి రెండుసార్లు ఉపన్యాసం ఇస్తారు. ఆ తరగతిని చిన్న చిన్న గుంపులుగా విడగొట్టి, ఒక్కో గుంపుతో చర్చ నడిపేది, వ్యాసాలు దిద్దేది టీచింగ్ అసిస్టెంట్. దానికి బదులుగా ఫీజు మినహాయింపు, స్టయిపెండ్, తరచుగా ఆరోగ్య బీమా. పని వారానికి 20 గంటలకు మించకూడదు. ఎఫ్‌–1 వీసా మీద ఉన్న విద్యార్థి తరగతులు జరిగే కాలంలో క్యాంపస్‌లో చేయగల పనికి చట్టం విధించిన పరిమితి కూడా అదే. మంచి శాఖలు ఐదేళ్లకు హామీ ఇస్తాయి. అందులో మొదటి ఏడాది గానీ, థీసిస్ రాసే ఏడాది గానీ బోధన లేకుండా పూర్తి ఫెలోషిప్‌గా ఉండవచ్చు. ఐరోపాలో నెదర్లాండ్స్ వంటి చోట్ల పరిశోధకుడు విద్యార్థి కాదు, నాలుగేళ్ల ఒప్పందం మీద జీతం తీసుకునే ఉద్యోగి.

పీహెచ్‌డీలో నేరుగా సీటు రావడం మన డిగ్రీలతో కష్టం కావచ్చు. తత్వశాస్త్రంలో పునాది తక్కువగా ఉన్నవారికి, ఇంజనీరింగ్ నుంచి ఇటు మళ్లినవారికి, జార్జియా స్టేట్, నార్తర్న్ ఇలినాయ్, విస్కాన్సిన్–మిల్వాకీ వంటి విశ్వవిద్యాలయాల్లోని ఎంఏ కోర్సులు చాలాకాలంగా మెట్టుగా ఉపయోగపడుతున్నాయి. అక్కడ ఎంఏ స్థాయిలోనే అసిస్టెంట్‌షిప్‌లు దొరుకుతాయి. చెన్నై, బెంగళూరు సాఫ్ట్‌వేర్ సంస్థల్లో నాలుగేళ్లు పనిచేసి, సాయంత్రాలు తత్వశాస్త్రం చదువుకుని, చివరికి ధైర్యం చేసే తెలుగు యువత చూడవలసిన తలుపు ఇది. అప్పు చేసి ఎంఏకు వెళ్లడం మాత్రం తత్వశాస్త్రంలో ఎవరికీ చెప్పదగ్గ సలహా కాదు. కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌కు చేసిన అప్పు ఉద్యోగంతో తీరుతుంది. ఈ చదువులో ఆ భరోసా లేదు. అప్పులవాళ్లకు ఆ తేడా తెలియదు.

ఆఫర్ లెటర్ చేతికి వచ్చిన రోజు ఇంట్లో పండుగలా ఉంటుంది. ఆ రోజే దాన్ని పెన్సిల్ పట్టుకుని చదవాలి. స్టయిపెండ్ అంకె తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా? తొమ్మిదికైతే మే నుంచి ఆగస్టు దాకా అన్నం ఎక్కడిది? ఫీజు మినహాయింపు అన్నప్పుడు విశ్వవిద్యాలయం విడిగా వసూలు చేసే ఇతర రుసుములు అందులో ఉన్నాయా? ఆ రుసుములే సెమిస్టర్‌కు వందల డాలర్లు కావచ్చు. హామీ ఎన్నేళ్లకు, ఏ షరతు మీద? ‘సంతృప్తికరమైన పురోగతి’ అనే మాటను ఎవరు, ఎప్పుడు తూకం వేస్తారు? ఏడాదికి ఎన్ని సెక్షన్లు, అంటే చర్చా గుంపులు, ఒక్కో సెక్షన్‌లో ఎంతమంది? పెళ్లయినవారు ఇంకో సంగతి చూసుకోవాలి: ఎఫ్‌–2 వీసా మీద వచ్చే భార్య గానీ భర్త గానీ అక్కడ ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఒక్క స్టయిపెండ్ మీద ఇద్దరు బతకాలి.

పన్ను విషయంలో భారతీయులకు చిన్న మేలుంది. పని చేసి తీసుకునే స్టయిపెండ్ మీద ఆదాయపు పన్ను పడుతుంది. సాధారణంగా విదేశీ విద్యార్థులకు ప్రామాణిక తగ్గింపు, అంటే పన్ను లెక్కకు ముందు ఆదాయం నుంచి తీసేసే స్థిర మొత్తం, ఉండదు. భారత–అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం మన విద్యార్థులకు దాన్ని ఇస్తుంది. మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు పింఛనుకు, వృద్ధుల వైద్యానికి జీతంలోంచి తీసే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు కూడా ఉండవు. చాలామంది ఇది తెలియక ఎక్కువ కట్టేస్తారు.

గడువు గురించి కూడా తెలిసి ఉండాలి. అమెరికా గ్రాడ్యుయేట్ విద్యాసంస్థల మండలి తీర్మానం మీద సంతకం చేసిన విశ్వవిద్యాలయాలు, ఆర్థిక సాయంతో కూడిన ఆఫర్‌కు ఏప్రిల్ 15 లోపు జవాబివ్వమని విద్యార్థిని బలవంతపెట్టకూడదు. మార్చి మొదటివారంలో ఫోను చేసి రేపటికల్లా చెప్పమంటే మర్యాదగా ఆ తేదీ గుర్తుచేయవచ్చు. మన పిల్లలకు ఇలా అడగడం అలవాటు లేదు, ఇచ్చినదాన్ని కళ్లకద్దుకోవడమే తెలుసు. అడిగితే ఆఫర్ పోదు.

టీచింగ్ అసిస్టెంట్ పని నిజంగా ఎంత పనో బయటివారికి తెలియదు, కాబట్టి ఒక్క కాగితాన్ని దగ్గరగా చూడాలి. తర్కం మొదటి కోర్సు. కొండ మీద పొగ కనబడుతోంది, పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది, కాబట్టి కొండ మీద నిప్పు ఉంది. ఈ అనుమానాన్ని, అంటే కనబడేదాన్ని బట్టి కనబడనిదాన్ని నిర్ధారించే ఈ వాదాన్ని, పరిశీలించమని ప్రశ్న. విద్యార్థి బాగానే మొదలుపెట్టి రెండో పేజీలో జారిపోయాడు. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుంది కాబట్టి వంటింట్లో నిప్పు ఉందంటే పొగ ఉన్నట్టే అని రాశాడు. అడ్డగీత కొట్టి రెండు మార్కులు తీసేయడానికి పది సెకన్లు చాలు. కానీ అలా చేస్తే వాడు ఏమీ నేర్చుకోడు. మార్జిన్‌లో ఇలా రాయాలి: కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప గుండును చూడు, అందులో నిప్పు ఉంది, పొగ లేదు. మొదటి పేజీలో నువ్వు రాసిన నియమాన్ని ఇక్కడ తిరగేశావు. పొగ నుంచి నిప్పుకు దారి ఉంది, నిప్పు నుంచి పొగకు లేదు. ఎందుకు లేదో, పచ్చి కట్టెను తలుచుకుని, రెండు వాక్యాల్లో మళ్లీ రాసుకు రా. ఆ నాలుగు వరుసలు రాయడానికి ముందు ఆ పిల్లవాడు ఎక్కడ జారాడో, ఎందుకు జారాడో పట్టుకోవాలి. మిగతా పేజీలు చదవాలి. చివర మార్కు ఎందుకంత వేశారో చెప్పాలి. మొత్తం కలిపి ఒక వ్యాసానికి 20 నిమిషాలు తక్కువలో తక్కువ.

ఇప్పుడు లెక్క వేసుకుందాం. సెక్షన్‌లో 25 మంది, రెండు సెక్షన్లు, 50 వ్యాసాలు. ఒక్కోదానికి 20 నిమిషాలంటే 1,000 నిమిషాలు, అంటే 16 గంటల 40 నిమిషాలు. అదే వారంలో రెండు చర్చా తరగతులు, వాటికి ముందు చదువుకోవడం, ప్రొఫెసర్ ఉపన్యాసాలకు హాజరు కావడం, ఆఫీసు గంటలు. 20 గంటల పరిమితి ఆ వారం కాగితం మీదే ఉంటుంది. అలాంటి వారాలు సెమిస్టర్‌కు మూడు నాలుగు వస్తాయి. ఆ వారాల్లో పరిశోధకుడి సొంత రాత ఒక్క పేజీ కూడా కదలదు. ఆఫర్ లెటర్‌లో అంకె కన్నా సెక్షన్లో తలల సంఖ్య ముఖ్యమని అనుభవమున్నవారు చెప్పేది అందుకే.

ఈ లెక్కే అమెరికాలో సంఘాలకు దారితీసింది. విస్కాన్సిన్–మాడిసన్‌లో టీచింగ్ అసిస్టెంట్ల సంఘం 1966లోనే ఏర్పడింది, 1970లో సమ్మె చేసి ఒప్పందం సాధించింది. ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో బోధన చేసే విద్యార్థులు ఉద్యోగులేనని కొలంబియా కేసులో జాతీయ కార్మిక సంబంధాల బోర్డు 2016 ఆగస్టులో తీర్పిచ్చింది. 2022 నవంబరు 14న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో దాదాపు 48,000 మంది సమ్మెకు దిగారు. క్రిస్మస్ ముందు కుదిరిన ఒప్పందంతో సగం సమయం పనిచేసే టీచింగ్ అసిస్టెంట్ కనీస వేతనం తొమ్మిది నెలలకు సుమారు 23 వేల డాలర్ల నుంచి 2024 అక్టోబరు నాటికి 34 వేల డాలర్లకు చేరింది. దిద్దే చేతులు ఆగితే మార్కులు ఆగుతాయి, మార్కులు ఆగితే విశ్వవిద్యాలయం ఆగుతుంది. ఆ బలం ఉన్నది పనికి డబ్బు ముడిపడి ఉండటం వల్లనే. పరీక్ష గెలిచినందుకు ఇచ్చే ఫెలోషిప్‌తో ఆ బలం రాదు.

విదేశాలకు వెళ్లే దారిలో ప్రభుత్వమే మూసిన తలుపు ఒకటుంది, దాన్ని ఇక్కడ చెప్పకుండా దాటిపోవడం తప్పు. ఎస్సీ, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాల పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 125 మందికి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. ఫీజు చెల్లిస్తుంది, అమెరికాలో పోషణకు 2022–23 నాటికి ఏడాదికి 15,400 డాలర్లు ఇచ్చేది. 2022–23 మార్గదర్శకాల్లో భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద చేసే అధ్యయనాలను ఆ పథకం నుంచి తప్పించారు. కులం అనే వ్యవస్థను నైతిక తత్వశాస్త్రం దృష్టితో పరిశీలించాలనుకునే దళిత విద్యార్థికి, కృష్ణాతీరపు బౌద్ధ తర్కాన్ని విదేశీ విశ్వవిద్యాలయంలో చదవాలనుకునే విద్యార్థికి, దీనివల్ల దారి మూసుకుపోయినట్టే. తన గురించి తాను ఆలోచించుకునే హక్కును డబ్బు రూపంలో కత్తిరించడం ఇది. ఆ షరతును తొలగించాలి.

ఇక మన దగ్గరికి వద్దాం. తత్వశాస్త్రం చదివే పిల్లలు లేరు కాబట్టి టీచింగ్ అసిస్టెంట్లకు పని లేదన్న వాదన వినిపిస్తుంది. పిల్లలు ఉన్నారు, వాళ్ల కోర్సులకు వేరే పేర్లున్నాయి. సాంకేతిక విద్యామండలి నమూనా పాఠ్యప్రణాళికలో మానవీయ విలువల కోర్సు ఉంది. భారతీయ జ్ఞాన వ్యవస్థలకు డిగ్రీలో కనీసం 5 శాతం క్రెడిట్లు ఉండేలా ప్రోత్సహించాలని యూజీసీ 2023లో మార్గదర్శకాలిచ్చింది. చెన్నై చుట్టూ, బెంగళూరు చుట్టూ ఉన్న ఇంజనీరింగ్, డిగ్రీ కళాశాలల్లో ఈ కోర్సులు ఎవరు చెబుతున్నారు? చాలాచోట్ల ఆ వారం గంటలు ఖాళీగా ఉన్న అధ్యాపకులు, అది ఏ సబ్జెక్టు వారైనా సరే. న్యాయ వైశేషికాలనే భారతీయ దర్శనాలు ఐదేళ్లు చదివిన పరిశోధకురాలు అదే ఊళ్లో అద్దె కట్టలేక కోచింగ్ కేంద్రంలో ఇంగ్లీషు వ్యాకరణం చెబుతూ ఉంటుంది. ఆ కోర్సులనూ ఈ పరిశోధకురాలినీ కలపడానికి కొత్త చట్టం అక్కర్లేదు, 2022 నిబంధనల్లోని ఆ వాక్యానికి పక్కన ఒక అంకె రాస్తే చాలు.

ఆ అంకె ఎంత ఉండవచ్చు? గెస్ట్ లెక్చరర్‌కు యూజీసీ 2019లో నిర్ణయించిన రేటు ఒక ఉపన్యాసానికి 1,500 రూపాయలు. అందులో మూడో వంతు, గంటకు 500 అనుకుందాం. వారానికి 6 గంటలు, సెమిస్టర్‌కు 16 వారాలు, మొత్తం 96 గంటలు, 48,000 రూపాయలు. రెండు సెమిస్టర్లకు 96,000. నెలకు పంచితే 8,000. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ లేని ఫెలోషిప్ ఎంతో, సరిగ్గా అంతే. అక్కడైతే చేతికొచ్చేది రెట్టింపవుతుంది. చేపాక్‌లోని మద్రాసు విశ్వవిద్యాలయంలో ఏమీ రాని పరిశోధకుడికి మొదటిసారి ఏదో ఒకటి వస్తుంది, అది తాను చేసిన పనికి వస్తుంది. జేఆర్‌ఎఫ్ ఉన్నవారు వేరే జీతం తీసుకోకూడదు కాబట్టి వాళ్ల మీద ఈ ఖర్చు పడదు. పదిమంది పరిశోధకులకు ఇలా ఇస్తే విశ్వవిద్యాలయానికి ఏడాదికి 9 లక్షల 60 వేలు అవుతుంది. అందుకు ప్రతిగా వారానికి 60 గంటల పని వస్తుంది. ఆ గంటలన్నీ దిద్దడానికే పెడితే, వ్యాసానికి 20 నిమిషాల చొప్పున, వారానికి 180 మంది డిగ్రీ విద్యార్థుల కాగితాలు మార్జిన్‌లో ఇనుప గుండు గురించో, పచ్చి కట్టె గురించో నాలుగు వరుసలతో వాళ్ల చేతికి తిరిగి వస్తాయి.